స్పెయిన్ వైట్ వైన్ అంటే నా ఓటు పందిరి ద్రాక్షకే

"అక్టోబర్‌లో స్పెయిన్ వెళ్తున్నాం, రెడ్ వైన్ మాకు పడదు, వైట్‌లో ఏ ద్రాక్ష మంచిది, వాటికి తేడా ఏమిటి?" అని అడిగారు. నేను పదకొండేళ్లుగా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. ఒక్క పేరే చెప్పమంటే అల్బరీన్యో. మిగతావి తర్వాత చెబుతాను, ముందు దీని సంగతి వినండి.

మా మేనమామకి శామీర్‌పేట దగ్గర నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. అంతా అనాబ్ షాహీనే. రాతి కడీలు పాతి, పైన వైర్లు లాగి వేసిన పందిరి. ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి కాయ కోతకొచ్చేది. బయట ఎండ మండిపోతున్నా పందిరి కింద చల్లగా ఉండేది, తలెత్తితే గుత్తులే. ద్రాక్షతోట అంటే అలాగే ఉంటుందని స్పెయిన్ వచ్చేదాకా అనుకున్నాను. ఇక్కడ లా మంచా వైపు వెళ్తే మోకాలెత్తు పొదలు, ఎర్రనేల, నీడ లేదు. అక్కడ పండే ఐరెన్ స్పెయిన్‌లో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న తెల్ల ద్రాక్ష. చాలావరకు బ్రాందీకి పోతుంది. దాని కోసం మీరు వెతుక్కోనక్కర్లేదు.

2017 సెప్టెంబర్‌లో మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి ద్రాక్షకోతకి వాళ్ల ఊరు తీసుకెళ్లింది. దేశానికి వాయవ్య మూల గలీసియా, అందులో రియాస్ బైషాస్ ప్రాంతం, కంబాదోస్ పక్కన చిన్న ఊరు. వాళ్ల అల్బరీన్యో తోటలో అడుగుపెట్టి ఆగిపోయాను. అవే గ్రానైట్ కడీలు, అవే వైర్లు, అదే పందిరి. పది మంది చేతులు పైకెత్తి కత్తెరలతో గుత్తులు కోసి క్రేట్లలో పెడుతున్నారు. మామయ్య గొంతు వినపడుతుందేమో అన్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాను.

"స్పెయిన్‌లో ఇంకెక్కడా ఇలా చూడలేదు, ఇక్కడ పందిరి ఎందుకు?" అని వాళ్ల నాన్నగారిని అడిగాను. ఆయన నేలవైపు చూపించారు. రాత్రి కురిసిన వానకి మట్టి ఇంకా తడిగానే ఉంది. సముద్రం పక్కనే, ఏడాది పొడవునా తేమ. తీగని పైకెక్కిస్తే కింద నుంచి గాలి ఆడుతుంది, ఆకు త్వరగా ఆరుతుంది, బూజు తెగులు తగ్గుతుంది. మా మామయ్య పందిరి వేసింది ఎండకి కాయ మాడకుండా. ఈయన వేసింది వానకి కుళ్లకుండా. రెండు చోట్లా రాయి గ్రానైటే కాబట్టి కడీలకి కొదవ లేదు. ఈ మాట చెబితే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పారు.

అల్బరీన్యో కాయ చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి. అనాబ్ షాహీ పక్కన పెడితే పిల్లకాయ. కానీ పులుపు చాలా ఎక్కువ, వైన్‌కి ప్రాణం ఆ పులుపే. మధ్యాహ్నం వేయించిన సార్డీన్ చేపలతో కిందటేటి వైన్ పోశారు. నిమ్మతొక్క వాసన, చివర్లో నాలుక మీద ఉప్పదనం. వేయించిన చేపకి ఇంతకన్నా జోడీ లేదు, మన కొర్రమీను వేపుడైనా సరే.

"మీ మామయ్య తోట ఇప్పుడెలా ఉంది?" అని పెద్దాయన అడిగారు. ప్లాట్లు అయిపోయిందని చెప్పాను.

నాకు బాధ ఇక్కడే. గలీసియాలోనే వల్దెఓర్రాస్ అనే చోట గొదేయో అనే ద్రాక్ష దాదాపు కనుమరుగైతే, 1970లలో పట్టుబట్టి మళ్లీ నాటి నిలబెట్టుకున్నారు. ఇప్పుడది అల్బరీన్యో కన్నా చిక్కని, నిల్వ ఉంచినా బాగుండే వైన్ ఇస్తోంది. కంబాదోస్‌లో 1953 నుంచి అల్బరీన్యో పేరుతో పండగే చేసుకుంటున్నారు. మనం మాత్రం హైదరాబాద్ చుట్టూ ఉన్న పందిళ్లని చూస్తూ చూస్తూ పోగొట్టుకున్నాం. ఒక్క తోటనైనా పిల్లలకి చూపించడానికి ఉంచుకోవాల్సింది.

ఇక మీ ప్రయాణానికి. మాడ్రిడ్ బార్లలో "ఉన్ వెర్దేహో" అనండి చాలు. రుయేదా ప్రాంతపు ద్రాక్ష అది. పగటి వేడికి కాయ పాడవకుండా రాత్రిపూట కోస్తారు. పచ్చిగడ్డి, సోంపు వాసన, చివర్లో కొద్దిగా చేదు. చవక కూడా. బార్సిలోనాలో షరెల్లో అడగండి. మకబేవో, పరెయాదా ద్రాక్షలతో కలిపి కావా అనే నురగ వైన్ చేసేది దీంతోనే, కానీ విడిగా తాగితేనే దాని గట్టిదనం తెలుస్తుంది. రియోహా వెళ్తే వియూరా అంటారు, అది మకబేవోకే ఇంకో పేరు. కాబట్టి వేరువేరు ద్రాక్షలనుకుని రెండూ కొనకండి.

వైన్ ఎంత పాతదైతే అంత మంచిదన్న మాట నమ్మొద్దు. రెండేళ్ల కిందట సెలవులకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో వెర్దేహో చూసి సంబరపడి తెప్పించాను. ఏడేళ్ల నాటి సీసా, లైటు కింద నిలబెట్టి ఉంచారు. రంగు టీ డికాక్షన్‌లా ఉంది, వాసన చచ్చిపోయింది. అయినా పూర్తి బిల్లు వేశారు. మామూలు వెర్దేహో, అల్బరీన్యో రెండు మూడేళ్లలోపే తాగాలి, సీసా మీద సంవత్సరం చూడకుండా తీసుకోకండి. ఐసులో గంటలు ముంచి ఇస్తే ఒక పది నిమిషాలు బల్ల మీద ఉంచండి. మరీ చల్లగా ఉంటే ఏ ద్రాక్షైనా ఒకటే రుచి.

మీరు వెళ్లేసరికి గలీసియాలో కోత అయిపోతుంది. పందిళ్ల మీద ఆకు పసుపు రంగుకి తిరుగుతూ ఉంటుంది. మాడ్రిడ్, బార్సిలోనాలతోనే సరిపెట్టకుండా రెండు రోజులు మిగుల్చుకుని కంబాదోస్ దాకా వెళ్లండి. గొడుగు పట్టుకెళ్లండి.