బ్రేక్ వేస్తే స్టీరింగ్ నిలకడగా ఉండట్లేదు, బుష్‌లన్నీ పాలీయురెథేన్‌వి వేయించాలా?

లక్ష కిలోమీటర్లు దాటిన కారు, మలుపులో ముందు భాగం ఆలస్యంగా తిరుగుతోంది, గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ అటూ ఇటూ పోతోంది, అన్ని బుష్‌లూ పాలీకి మార్చేయనా అని అడిగారు. అన్నీ వద్దు. బుష్ అంటే చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌ని కారుకి బోల్టుతో బిగించే చోట ఉండే రబ్బరు గుత్తి. పాలీ అంటే పాలీయురెథేన్, ఆ రబ్బరు బదులు వేసే గట్టి పదార్థం.

ముందు బాల్ జాయింట్లు (చక్రం తిరిగేలా పట్టే కీళ్లు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీ చివరి కీళ్లు) లూజుగా లేవని తేల్చుకోండి. ఆ తర్వాత ముందు చక్రాన్ని కింది నుంచి కారుకి కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్ చూడండి. ఎల్ ఆకారపు ఆర్మ్ బ్రేక్ దెబ్బకి పక్కకి తిరిగిపోకుండా పట్టుకునేది ఎక్కువగా అదే. రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే, రబ్బరు లోహం నుంచి విడిపోయి ఉంటే తెలిసిపోతుంది. పైపైన సన్నటి పగుళ్లుంటే కంగారు పడక్కర్లేదు.

రబ్బరు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరే మెలితిరుగుతుంది. పాలీ అలా అతకదు, గొట్టం మీద జారుతుంది. అందుకే తలుపు బందులా ఒకే దిశలో తిరిగే చోట పాలీ బాగా పనిచేస్తుంది. వెనక చక్రాన్ని ముందు వైపు నుంచి పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్ లాంటివి తిరగడంతో పాటు పక్కకి వాలాలి కూడా. అక్కడ గట్టి పాలీ వేస్తే ఆర్మ్ బిగుసుకుపోయి, భారం బోల్టుల మీదా బ్రాకెట్ల మీదా పడుతుంది. అక్కడ కంపెనీ రబ్బరే ఉంచండి. రోడ్డు కారుకి, రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ ఎ స్కేల్ మీద 80 దగ్గరి గట్టిదనం చాలు. 95 వేస్తే ప్రతి గతుకూ క్యాబిన్‌లోకి వస్తుంది. నిజానికి చాలామంది అరిగిన రబ్బరుతో కొత్త పాలీని పోల్చి మురిసిపోతారు. కొత్త రబ్బరుకే సగం తేడా తెలుస్తుంది.

పాతది తీసే ముందు బుష్ ఏ దిశలో ఉందో ఆర్మ్ మీద గీత పెట్టుకోండి. రబ్బరులో కావాలని ఖాళీలు వదిలిన బుష్ తిరగేసి కూర్చుంటే గుణమే మారిపోతుంది. బయటి గొట్టం ఉంచాలా తీయాలా అన్నది కిట్‌ని బట్టి ఉంటుంది, సూచనలు చదవండి. రబ్బరుని కాల్చి తీయొద్దు: పొగ హానికరం, అల్యూమినియం ఆర్మ్ అయితే బలం తగ్గుతుంది. కొత్త రబ్బరు బుష్‌ని ప్రెస్‌తో, బయటి గొట్టం అంచు మీద మాత్రమే నొక్కాలి. లోపలి గొట్టం మీద నొక్కితే అతుకు అప్పుడే ఊడుతుంది. పాలీకి లోపలి రంధ్రంలోనూ పక్క అంచుల మీదా సిలికాన్ గ్రీజు నిండుగా రాయండి, లేకపోతే కిర్రుమంటుంది.

అన్నిటికంటే ఎక్కువ పాడు చేసేది బిగింపు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా రబ్బరు బుష్ బోల్టు బిగిస్తే, కారు కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లోనే చీలిపోతుంది. బోల్టులు వేళ్లతో పట్టించి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. లాక్ నట్లు కొత్తవి వాడండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

మలుపులో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ బుష్‌లు పాలీకి మారిస్తే మొదటి మలుపులోనే పట్టు తెలుస్తుంది. బార్ మందం మాత్రం వెర్నియర్‌తో కొలిచాకే కొనండి. ఒకే మోడల్‌లో వేరియంట్‌ని బట్టి మందం మారుతుంది, ఒక్క మిల్లీమీటరు వదులైనా టకటక చప్పుడు మొదలవుతుంది.