టెక్ సందేహాలు: అమ్మ గడప దాటితే తెలిసేదెలా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. డిమెన్షియా మొదలైందని డాక్టరు చెప్పారు. మధ్యాహ్నం మాకు కాస్త కన్నంటుకుంటే చాలు, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోతోంది. ఫోను వెంట తీసుకెళ్లదు. ఎయిర్‌ట్యాగ్ (వస్తువుల జాడ చెప్పే ఆపిల్ బిళ్ల) కొనాలా, జీపీఎస్ వాచీ కొనాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ రెండింటికన్నా ముందు వీధి తలుపుకు డోర్ సెన్సర్ పెట్టించండి. ఇందులో రెండు చిన్న ముక్కలుంటాయి. అయస్కాంతం ఉన్నదాన్ని తలుపు రెక్కకు, రెండోదాన్ని ద్వారబంధానికి పక్కపక్కనే వచ్చేలా అంటిస్తే, తలుపు తెరుచుకుని అవి ఎడంకాగానే గంట మోగుతుంది. వైఫై మీద ఆధారపడే రకమైతే కరెంటు పోయి రూటర్ ఆగినప్పుడు మీ ఫోనుకు సందేశం రాదు కాబట్టి, తనంతట తానే గట్టిగా మోగే బ్యాటరీ రకాన్ని ఎంచుకోండి. మీ అమ్మగారు దేన్నీ ధరించనక్కర్లేదు, దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డిమెన్షియా ఉన్నవారి కోసం ఏ పరికరం కొనాలన్నా నేను మొదట చూసేది ఇదే.

నాణెమంత సీఆర్2032 బ్యాటరీతో ఏడాదికి పైగా నడుస్తుందని చాలామంది ఎయిర్‌ట్యాగ్ వైపు మొగ్గుతున్నారు గానీ, అందులో జీపీఎస్ లేదు. అది పంపే బ్లూటూత్ సంకేతాన్ని దగ్గర్లోని ఐఫోన్ వంటి ఆపిల్ పరికరం అందుకుంటేనే దాని జాడ మీకు తెలుస్తుంది. ఐఫోన్లు అరుదైన వీధిలో ఎంతసేపైనా ఆచూకీ అందకపోవచ్చు. అది వస్తువుల కోసమే తప్ప మనుషుల కోసం కాదని ఆపిల్ సంస్థే చెబుతోంది.

కాబట్టి రెండింట్లో జీపీఎస్ వాచీయే నయం. అది తానున్న చోటును తానే కనిపెట్టి సిమ్ ద్వారా మీ ఫోనుకు పంపుతుంది గనుక, మీ వీధిలో సిగ్నల్ బాగా అందే కంపెనీ సిమ్ వేయండి. అసలు చిక్కు వాచీని ఒంటిమీద ఉంచడంలోనే ఉంది. అలవాటు లేనివారు దాన్ని విప్పి ఎక్కడో పెట్టేస్తారు. రాత్రి ఆమె నిద్రపోయాక చార్జింగ్ పెట్టి, ఉదయం స్నానం కాగానే మీ చేతులతోనే కట్టండి. ఆ రాత్రి వేళ కాపలా డోర్ సెన్సర్ చూసుకుంటుంది. ఎంతకీ కట్టనివ్వకపోతే, ఆమె ఎప్పుడూ వదలని చేతిసంచిలో పట్టే జీపీఎస్ ట్రాకర్ తీసుకోండి. ఏది పెట్టినా, అర్థం చేసుకోగలిగే స్థితిలో ఉన్నంతవరకు ఆమెకు చెప్పి, ఒప్పించి పెట్టండి. ఆ మర్యాద ఆమెకు దక్కాలి.

ఎప్పుడైనా కనిపించకపోతే చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకుండా వెంటనే 112కు చెప్పండి. పోలీసులు అడిగేది ఇటీవలి ఫొటో, ఆ రోజు కట్టుకున్న చీర రంగు. అందుకే నిలువెత్తు ఫొటో ఒకటి ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.