గుడారం ఎక్కడైనా వేసుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ప్రయాణాలు

ప్రశ్న: మా ఆడపడుచు కుటుంబం స్టాక్‌హోమ్‌లో స్థిరపడింది. వచ్చే వేసవి సెలవుల్లో మేమిద్దరం, పదమూడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప స్వీడన్ వెళ్లి, వాళ్లింట్లో కొన్నాళ్లుండి, తరువాత నాలుగైదు రోజులు సముద్ర తీరపు అడవుల్లో గుడారంలో గడపాలనుకుంటున్నాం. ఆ దేశంలో ఎవరి భూమిలోనైనా అడగకుండా గుడారం వేసుకోవచ్చంటున్నారు. నిజమేనా? ఎప్పుడు, ఎక్కడికి వెళ్లడం మంచిది? హోటల్ బుకింగ్ లేకపోతే వీసా ఇస్తారా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు విన్నది నిజమే గాని, సగం మాత్రమే నిజం. స్వీడన్‌లో ‘అల్లేమాన్స్‌రెట్టెన్’ అనే హక్కు ఉంది. అంటే ప్రకృతిలో తిరగడానికి అందరికీ ఉన్న హక్కు. 1994 నుంచి దీని ప్రస్తావన ఆ దేశ రాజ్యాంగంలో ఉన్నా, ఏది చేయవచ్చో ఏది కూడదో వరుసగా చెప్పే ప్రత్యేక చట్టమేదీ లేదు. ఆచారంగా పాటించేదేమిటంటే, కాలినడకన వెళ్లి, పంట పొలాలనూ ఇళ్ల ఆవరణలనూ వదిలిపెట్టి, ఒకచోట ఒకటి రెండు రాత్రులు ఉండి, వచ్చిన జాడ లేకుండా వెళ్లిపోవడం. ఇంటికి 150 మీటర్ల దూరంలో ఉంటే చాలని చాలామంది చెబుతుంటారు. అది పక్కనున్న నార్వే చట్టంలోని మాట. స్వీడన్‌లో అలాంటి కొలత లేదు. ఆ ఇంటివారికి మీరు కనబడకుండా, మీ మాటలు వినబడకుండా ఉన్నారా అన్నదే లెక్క. కారును రోడ్డు దింపి అడవిలోకి నడపడం నిషిద్ధం. జాతీయ ఉద్యానాలకూ రక్షిత ప్రాంతాలకూ ఈ హక్కును మించిన సొంత నియమాలుంటాయి.

ఎక్కడికన్న ప్రశ్నకు మా సూచన ఒక్కటే: దేశమంతా తిరగాలనుకోకుండా, స్టాక్‌హోమ్‌కు ఉత్తరంగా 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ‘హేగా కుస్తెన్’, అనగా ఎత్తైన తీరానికి వెళ్లండి. అక్కడ 1984లో ఏర్పడిన స్కూలెస్కోగెన్ జాతీయ ఉద్యానంలో అడవి, కొండ, సముద్రం ఒకే రోజు నడకలో కనిపిస్తాయి. ఎర్రని గ్రానైట్ కొండను నిలువునా చీల్చినట్లుండే 40 మీటర్ల లోతు, 200 మీటర్ల పొడవు గల స్లోట్‌డాల్స్ చీలికలో నడవడం పిల్లలకు ఎన్నాళ్లయినా గుర్తుంటుంది. అంతకంటే విచిత్రం మరొకటుంది. సముద్రానికి ఎంతో ఎత్తున, దేవదారు జాతి చెట్ల నడుమ, ఏటి ఒడ్డున పోసినట్లు గులకరాళ్ల మేటలు కనిపిస్తాయి; అవి ఒకప్పటి సముద్ర తీరాలు. హిమయుగంలో దాదాపు మూడు కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కుంగిన నేల, ఆ మంచు కరిగిన తరువాత ఇప్పటికీ ఏడాదికి సుమారు 8 మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తూనే ఉంది. మీ బాబు పుట్టిన నాటి నుంచి లెక్కిస్తే ఆ తీరం పది సెంటీమీటర్లు లేచిందన్నమాట. స్కూలెబెర్యెట్ కొండ మీద పాత తీరరేఖ 286 మీటర్ల ఎత్తున ఉంది. ఈ విశేషానికే యునెస్కో 2000లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్టాక్‌హోమ్ నుంచి ఎర్న్‌షెల్డ్స్‌వీక్ పట్టణం వరకు రైలు ఉంది. కారులో అయితే ఈ4 రహదారి మీదుగా వెళ్లవచ్చు. ఉద్యానంలో కొన్ని చోట్ల గుర్తు పెట్టిన స్థలాల్లోనే గుడారం వేయాలి కాబట్టి, ప్రవేశ ద్వారం వద్ద ఉన్న బోర్డు చదవకుండా లోపలికి అడుగు వేయవద్దు. వాన పట్టుకుంటే తలదాచుకోవడానికి సాదా చెక్క గదులున్నాయి. వాటిని ముందుగా బుక్ చేసుకునే వీలు లేదు, ముందు వచ్చినవారితో సర్దుకోవాలి.

ఎప్పుడన్నదే కష్టమైన ప్రశ్న. ఆ తీరానికి మంచి కాలం ఆగస్టు: దోమలు తగ్గి, అడవిలో బ్లూబెర్రీలు పండి ఉంటాయి, వాటిని ఎవరైనా కోసుకోవచ్చు. కాని అప్పటికి మన బడులు తెరిచి రెండు నెలలవుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో అక్కడ చీలికల నీడలో ఇంకా మంచు ఉండవచ్చు. కనుక మీకు కుదిరేది మే ఆఖరు నుంచి జూన్ మొదటి వారం వరకే. అప్పటికి వారి బడులకు సెలవులు రావు, మిడ్‌సమ్మర్ పండుగ రద్దీ మొదలు కాదు, దోమలు కూడా ముసరవు. సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమించి, మూడు గంటల ప్రాంతంలో మళ్లీ ఉదయిస్తాడు కాబట్టి పిల్లల కళ్లకు కట్టడానికి నల్లగుడ్డలు తీసుకెళ్లండి. తెల్లవారుజామున చలి మన సంక్రాంతి చలిని మించి ఉంటుంది. పరుపుచాప, లోపల దూరి పడుకునే రగ్గు సంచి విషయంలో పొదుపు వద్దు.

నిప్పు సంగతి వివరంగా చెప్పాలి. వసంతంలో ఎండిన గడ్డి వల్ల ఆ రోజుల్లోనే నిప్పు నిషేధాలు తరచుగా వస్తాయి. 2018 వేసవిలో కార్చిచ్చులు ఎంతో అడవిని కాల్చిన తరువాత ఈ విషయంలో ఎవరూ ఉదాసీనంగా లేరు. స్థానిక అధికారులు ప్రకటించే ‘ఎల్డ్‌నింగ్స్‌ఫోర్‌బూద్’, అంటే నిప్పు నిషేధం, ఉందో లేదో ప్రతి ఉదయం మీ ఆడపడుచు చేత చూపించుకోండి; పొయ్యికి కూడా అది వర్తిస్తుందేమో అడగండి. నిషేధం లేని రోజున కూడా నున్నని బండ మీద మంట పెట్టవద్దు. వేడికి గ్రానైట్ పెచ్చులు లేచి పగులుతుంది, ఆ మచ్చ ఎన్నటికీ మానదు. వంటకు అక్కడివారు వాడే స్పిరిట్ పొయ్యి మంచిదే, దాని ఇంధనం పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. అయితే ఆ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిట్ పోస్తే భగ్గుమంటుంది. ముందు చేయి కొంచెం ఎత్తున పెట్టి వేడి చూసి, పొయ్యి పూర్తిగా చల్లారాకే పోయండి. విమానంలో గ్యాసు గాని స్పిరిట్ గాని తీసుకెళ్లనివ్వరు.

సామానులో ఆవకాయ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. నేతి సీసా మాత్రం వద్దు. మాంసం, పాల పదార్థాలను ప్రయాణికులు భారతదేశం నుంచి ఐరోపా సమాఖ్యలోకి తీసుకురావడం నిషిద్ధం. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా చెల్లదు, కరివేపాకు పొడి కొట్టి తీసుకెళ్లండి. గడ్డిలో తిరిగి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనుక, చంకల్లో పిడుదులున్నాయేమో రోజూ చూసి, ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి లాగేయాలి.

వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి 45. మీ బాబుకు పెద్దల రుసుమే పడుతుంది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. రద్దు చేసుకునే ఉద్దేశంతో దొంగ హోటల్ బుకింగులు పెట్టమని కొందరు ఏజెంట్లు చెబుతారు, వినవద్దు. మీ ఆడపడుచు ఆహ్వానం, రోజువారీ ప్రణాళిక, తీరం దగ్గరి క్యాంపింగ్ స్థలంలో ఒకటి రెండు రాత్రుల బుకింగ్ జత చేసి, ఉన్నదున్నట్లు రాయండి.

ప్రశ్న: స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న మేం పదిహేను మంది కలిసి ఆ నగరపు దీవుల్లో ఒకదానిలో వారాంతం గుడారాలు వేసుకోవచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: ఇద్దరు ముగ్గురికి ఉన్న వెసులుబాటు పదిహేను మందికి వర్తించదు. అన్ని గుడారాలు వేయాలంటే ఆ భూమి యజమానిని అడగాలి. పైగా పక్షులు గూళ్లు కట్టే కొన్ని దీవుల్లో వసంతం నుంచి నడి వేసవి దాటేవరకు పడవ దిగడమే కాదు, ఒడ్డు దగ్గరకు వెళ్లడం కూడా నిషిద్ధం; ఒడ్డున ఉన్న పలకల మీద తేదీలు రాసి ఉంటాయి, ఒడ్డును సమీపించక ముందే దూరం నుంచి చదవండి.