పాత రౌటర్‌తో మేడ మీదికి వైఫై: మా ఇంట్లో ఎలా చేశానంటే

కింద హాల్లో ఫైబర్ రౌటర్ ఉంది, మేడ మీద గదిలో ఒక్క గీతే వస్తోంది, అటక మీద పడున్న పాత రౌటర్ పనికొస్తుందా అని అడిగారు కదా. పనికొస్తుంది. మాదీ అచ్చం అదే కథ. మధ్యలో స్లాబు, దాన్నిండా ఇనుప చువ్వలు. వైఫైలో వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అసలు పైకి ఎక్కేదే కాదు.

మొదట నేను ప్లగ్గులో పెట్టే రిపీటర్ కొని డబ్బులు తగలేశాను. గీతలు నిండుగా కనిపించాయి, స్పీడు మాత్రం సగం కూడా లేదు. ఆ చవక రకాలు ఒకే రేడియోతో వినాలి, మళ్లీ దాంతోనే చెప్పాలి మరి. అందుకే, కష్టమైనా కేబుల్ లాగండి.

మాకు డిష్ వైరు కోసం వేసిన పైపు ఉంది. పాత వైరు కొసకి క్యాట్ 6 కేబుల్‌ని (రౌటర్లని కలిపే నెట్ వైరు) ఇన్సులేషన్ టేపుతో చుట్టి, పైనుంచి నేను లాగుతుంటే కిందనుంచి మా తమ్ముడు తోశాడు. వంపు దగ్గర ఇరుక్కుంటే కాస్త ముఖం పౌడరు రాశాం, జారింది! కనెక్టర్ ముందే బిగిస్తే పైపులో పట్టదు, లాగాకే క్రింప్ చేయించండి, అంటే కొసలకి కనెక్టర్ బిగించించండి.

ఇక సెట్టింగులు. పాత రౌటర్‌ని రీసెట్ చేసి, ముందు ఒంటరిగా ల్యాప్‌టాప్‌కి వైరుతో కలపండి. మెయిన్ రౌటర్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఆ నంబరు మెయిన్ రౌటర్ ఫోన్లకి పంచే వరుసలో ఉండకూడదు. నేను ఆ వరుసని 192.168.1.100 నుంచి మొదలయ్యేలా మార్చాను. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందవే పెట్టండి. ఛానెల్ మాత్రం వేరే, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద 1 ఉంటే పైన 6 లేదా 11.

చివరగా పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకి ఐపీ నంబర్లు పంచే పని, ఆపేయండి. నేను ఇదే మర్చిపోయాను. రాత్రి బాగానే ఉంది. పొద్దున చూస్తే నా ఫోన్లో నెట్ వస్తోంది, మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్'. ఆఫీసు మీటింగు టైముకి ఆ టెన్షన్ మీకెందుకు? జరిగిందేమిటంటే, రెండు రౌటర్లూ ఐపీలు పంచుతున్నాయి. పాతదాని దగ్గర ఐపీ తీసుకున్న పరికరం నెట్ కోసం దాన్నే అడుగుతుంది, దాని దగ్గరేమో నెట్ లేదు. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, అన్ని పరికరాల్లో వైఫై ఒకసారి ఆపి పెట్టాక కుదుటపడింది.

కేబుల్‌ని పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే రంధ్రం) కాదు, ల్యాన్ పోర్టుల్లో (ఇంట్లో పరికరాలు కలిపేవి) ఒకదానిలో పెట్టండి. వ్యాన్‌లో పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారై, కిందున్న ప్రింటర్ పైనున్న ల్యాప్‌టాప్‌కి కనపడకపోవచ్చు.

లోపాలూ చెప్తాను. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వైతే పైన అంతకు మించి రాదు. మేడ ఎక్కినా ఫోను కాసేపు కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది. వైఫై ఒకసారి ఆపి పెడితే సరి. ఇంకోటి, పై రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గుకే పెట్టండి. నేను పెట్టలేదు. కరెంటు పోతే ఇప్పటికీ ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లు దిగుతున్నాను.