కుమానో నడకకు చిట్టీ ఎప్పుడు పాడాలి?

ప్రశ్న: నా వయసు 51, మా ఆవిడకు 47. ఇద్దరి జీతాలు కలిపి నెలకు రూ.1.35 లక్షలు చేతికొస్తాయి. ఇంటి అప్పు ఈఎంఐ 34 వేలు, ఇంటి ఖర్చు 54 వేలు, సిప్ 15 వేలు, చిట్టీ 20 వేలు పోను 12 వేలు మిగులుతుంది. అత్యవసరాలకని 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. వచ్చే ఏడాది నవంబరులో జపాన్‌లోని కుమానో కోడో యాత్రామార్గంలో నడవాలని ఇద్దరి కోరిక. ఒక ట్రావెల్ ఏజెన్సీ ఇద్దరికీ 6.4 లక్షలు అడిగింది. 13 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ 5 లక్షలు తీసుకోమంటారా? లేదంటే 25 నెలల 5 లక్షల చిట్టీ ఉంది, ఈ సెప్టెంబరుతో 11 వాయిదాలు కట్టాం. పాట ఇప్పుడు 1.2 లక్షలకు పోతోంది. పాడేయమంటారా? సిప్ ఆపి కూడబెట్టమంటారా? - కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లోన్ వద్దు, సిప్ ఆపొద్దు. చిట్టీ పాడండి, కానీ ఇప్పుడు కాదు, వచ్చే మే నెలలో. ఎందుకో చెబుతాను.

లోన్ లెక్క ముందు చూద్దాం. 5 లక్షలకు 13 శాతం చొప్పున 36 నెలలకు ఈఎంఐ దాదాపు 16,850 పడుతుంది, వడ్డీయే లక్షా ఆరు వేలు దాటుతుంది. మీకు మిగిలేది 12 వేలు. అంటే లోన్ తీసుకున్న మర్నెల నుంచే సిప్‌లో కోత పడుతుంది. ఇక చిట్టీ ఇప్పుడే పాడితే 5 లక్షలకు 3.8 లక్షలే వస్తాయి. పైగా ఆ డబ్బు ఆరేడు నెలలు సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటుంది, ఎందుకంటే ఈ యాత్రకు మొదటి పెద్ద ఖర్చు వచ్చే మార్చిలో గానీ రాదు.

అసలు 6.4 లక్షలు అవుతుందా? కుమానో కోడో వకయామా ప్రాంతంలో, కీ ద్వీపకల్పపు కొండల్లో ఉంది. 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. నడవడానికి టికెట్టు లేదు, పర్మిట్ లేదు, దారి పొడవునా చెక్కపెట్టెల్లో ఉండే, నడిచినందుకు గుర్తుగా వేసుకునే ముద్రలకూ రుసుము లేదు. ఎక్కువమంది ఎంచుకునే నకహెచి దారి తకిజిరి దగ్గర మొదలై హోంగు ఆలయం దాకా 38 కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్నుంచి కొగుచి మీదుగా నాచి జలపాతం దాకా మరో రెండు రోజుల నడక. డబ్బంతా పోయేది విమానానికి, రాత్రి బసకు. ఏజెన్సీ అడిగినదాంట్లో చాలా భాగం మీరు కంప్యూటర్ ముందు రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే తప్పే ఖర్చు.

ఇద్దరికీ ఎనిమిది రాత్రులకు నా అంచనా ఇది. 100 యెన్లకు 60 రూపాయలు పట్టుకున్నాను. తకహర, చికత్సుయు, యునోమినె, కొగుచిల్లో నాలుగు రాత్రులు మిన్‌షుకు అనే ఇంటిబసలు. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్‌తో కలిపి మనిషికి సుమారు 15 వేల యెన్లు, మొత్తం 1.2 లక్షల యెన్లు. కీ-తనబె, కీ-కత్సూరాల్లో ఒక్కో రాత్రి, ఒసాకాలో రెండు రాత్రులు మామూలు హోటళ్లకు 64 వేలు. రైళ్లు, బస్సులకు 40 వేలు. సంచుల్ని ఒక బస నుంచి మరో బసకు చేర్చే సర్వీసుకు 25 వేలు. మధ్యాహ్నపు తిండి, ఒసాకా భోజనాలు, చిల్లర ఖర్చులకు 56 వేలు. అన్నీ కలిపితే 3.05 లక్షల యెన్లు, అంటే రూ.1.83 లక్షలు. హైదరాబాద్ నుంచి ఒక మజిలీతో ఒసాకాకు విమానం ఇద్దరికీ 1.2 లక్షలు, వీసా, బీమాలకు 15 వేలు, బూట్లు, వానకోట్లకు 24 వేలు. మొత్తం 3.42 లక్షలు. దానిమీద 43 వేలు చేతిలో ఉంచుకుంటే 3.85 లక్షలు. యెన్ పది శాతం ప్రియమైనా పెరిగేది 18 వేలే, ఆ 43 వేలలో ఇమిడిపోతుంది.

ఈ లెక్కలో, దేశమంతా జేఆర్ రైళ్లెక్కనిచ్చే నేషనల్ జేఆర్ పాస్ లేదు, చూశారా. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 నుంచి 50 వేల యెన్లకు పెరిగింది. మీరెక్కేది ఒసాకా నుంచి ఈ తీరానికి నడిచే కురొషియో ఎక్స్‌ప్రెస్ రైలు, ఒకసారి పోను, ఒకసారి రాను, అంతే. విడి టికెట్లే చవక.

ఇప్పుడు అసలు చిక్కు కొగుచి. హోంగు వైపు నుంచి 13 కిలోమీటర్లు నడిచి ఈ చిన్న ఊళ్లో ఆగాలి. మర్నాడు నాచికి పద్నాలుగున్నర కిలోమీటర్లు, అందులో మొదటి ఐదు కిలోమీటర్లూ దాదాపు 800 మీటర్ల ఎత్తుకు ఎక్కడమే. ఈ రెండు రోజుల్నీ ఒక్క రోజులో నడవడం మామూలు మనిషికి సాధ్యం కాదు. కాబట్టి దాదాపు అందరూ కొగుచిలో ఆగాల్సిందే, అక్కడేమో ఉన్న బసలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నవంబరు ఆకులు ఎర్రబారే సీజను. చాలామంది ముందు విమానం టికెట్లు కొనేసి, తర్వాత బసల కోసం చూసి, కొగుచి దొరక్క తేదీలు మార్చుకోలేక ఇరుక్కుంటారు. మీరు తిరగేసి చేయండి: ముందు కొగుచి, దాన్నిబట్టి మిగతా మూడు బసలు, అవి ఖాయమయ్యాకే విమానం. బసలన్నీ ఒకేచోట బుక్ చేసుకోవడానికి తనబె నగరపు టూరిజం బ్యూరో నడిపే కుమానో ట్రావెల్ సైటు ఉంది. బస ఖాయమైతే డబ్బు కార్డుమీద ముందే కట్టాలి. కట్టేముందు రద్దు షరతులు తేదీలతో సహా రాసి పెట్టుకోండి.

డబ్బు క్యాలెండరు కూడా ఆ వరసలోనే నడవాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు 12 వేలు ఆర్డీ కడితే 72 వేలు. నాలుగు రాత్రుల మిన్‌షుకు ఖర్చు 1.2 లక్షల యెన్లు కూడా 72 వేలే. మార్చిలో బసలు ఆర్డీతో తీరిపోతాయి. క్రెడిట్ కార్డు మీద కడితే మార్కప్, అంటే విదేశీ చెల్లింపుకు బ్యాంకు అదనంగా పట్టుకునేది, ఎంతో చూడండి. 3.5 శాతం ఉంటే జీఎస్‌టీతో 4.13 అవుతుంది, 72 వేలకు దాదాపు 3 వేలు. మార్కప్ లేని కార్డు గానీ యెన్లు వేసుకున్న ఫారెక్స్ కార్డు గానీ అయితే అది మిగులుతుంది. రూపాయల్లో కడతారా, యెన్లలోనా అని మెషీన్ గానీ సైటు గానీ అడిగితే యెన్లే నొక్కండి. రూపాయలంటే వాళ్ల మారకం రేటు మీకు అంటగడతారు.

విమానానికి జూన్‌లో 1.2 లక్షలు కావాలి. అందుకే చిట్టీ పాట మేలో. అది 19వ నెల. ఇంకా ఎత్తుకోనివాళ్లు ఏడుగురే ఉంటారు, అవసరం మీద పైపైకి పాడేవాళ్లు అప్పటికే ఎత్తేసుకుని ఉంటారు. కమీషన్‌తో కలిపి కోత 50 వేలలోపు ఉంటే 4.5 లక్షలు చేతికొస్తాయి. 60 వేలు దాటితే జూన్ పాటకు ఆగండి. పాట దక్కిన రోజే చెక్కు రాదు. జామీనుదార్ల జీతం కాగితాలు, ఆఫీసు పరిశీలన అయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. జామీను ఎవరుంటారో ఏప్రిల్‌లోనే మాట్లాడి పెట్టుకోండి. మిగిలిన ఆరు వాయిదాలు మీ నెల బడ్జెట్‌లో ఎలాగూ ఉన్నాయి.

యాత్రకు చిట్టీ నుంచి వాడేది 3.13 లక్షలు. మిగతా లక్షా ముప్పై ఏడు వేలు ఎఫ్‌డీలో కలపండి. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 88 వేలయ్యే ఇంటికి 3 లక్షలు మూడున్నర నెలలకు కూడా రావు, అది ఎలాగూ పెంచాల్సిందే. ఇదంతా రిజిస్టరైన చిట్టీ అనుకుని చెబుతున్నాను. వీధి చిట్టీ అయితే ఆఖరి నెలలదాకా ఆగడమే ప్రమాదం. పాట లక్షలోపుకు దిగిన వెంటనే పాడి డబ్బు బ్యాంకులో వేసుకోండి.

వీసాకు దరఖాస్తు ఆగస్టు చివరి తర్వాతే. జారీ అయిన మూడు నెలల్లో జపాన్‌లో అడుగుపెట్టాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు చూస్తారు. జూన్‌లో ఒక్కసారిగా 4.5 లక్షలు పడటం కనిపిస్తుంది కాబట్టి చిట్టీ కంపెనీ ఇచ్చే చెల్లింపు కాగితం జతచేయండి.

పన్ను సంగతి: ప్యాకేజీగా కొంటే ఏజెన్సీ టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే మీ పేరున ముందుగా పట్టుకునే పన్ను, కూడా వసూలు చేస్తుంది. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ నెలల తరబడి మీ చేతిలో ఉండదు. విడివిడిగా మీరే బుక్ చేసుకుని ఫారెక్స్ కార్డులో వేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి మనిషికి 10 లక్షలదాకా టీసీఎస్ లేదు.

లక్ష యెన్లు నోట్లుగా ఉంచుకోండి. కొండ ఊళ్లలో నగదే నడుస్తుంది, ఏటీఎంలు అరుదు. కీ-తనబెలో బస్సెక్కే ముందే సెవెన్-ఇలెవెన్ దుకాణం ఏటీఎంలో గానీ పోస్టాఫీసు ఏటీఎంలో గానీ తీసుకోండి. 10 వేల యెన్ల నోట్లు మాత్రమే ఉంటే బస్సులో ఇబ్బంది. ఎక్కేటప్పుడు యంత్రం నుంచి అంకె వేసిన చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డ్రైవరు తలపైన ఉన్న బోర్డులో ఆ అంకె కింద ఎంత చూపిస్తే అంత సరిగ్గా డబ్బాలో వేయాలి. పక్కనుండే చిల్లర మెషీన్ వెయ్యి నోటు మింగుతుంది గానీ పెద్దనోటు తీసుకోదు.

శాకాహారులైతే బస బుక్ చేసేటప్పుడే రాయండి. కూరలోనూ సూపులోనూ ఎండుచేప రసం ఉంటుంది, అక్కడికెళ్లాక చెబితే పెట్టడానికి ఇంకేమీ ఉండదు. పొడులు, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్లొచ్చు. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం కాదు. మాంసం కలిసినవేవైనా జపాన్ విమానాశ్రయంలో ఆపేస్తారు.

చికత్సుయు నుంచి హోంగుకు ఒక్కరోజే 25 కిలోమీటర్లు. నవంబరులో ఐదింటికల్లా చీకటి పడుతుంది, పొద్దున ఏడింటికే కదలాలి. కొత్త బూట్లు ఆగస్టులోనే కొని అరగదీయండి, ఆ 24 వేలు అక్టోబరులో ఖర్చుపెడితే కాళ్ల బొబ్బలు కూడా కొనుక్కున్నట్టే. బీమా పాలసీలో కొండనడక మినహాయింపు ఉందేమో, మీకు బీపీ, షుగరు ఉంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. పెద్ద వాన వస్తే ఆ తీరం వెంబడి రైళ్లు ఆగిపోతాయి. అందుకే ఒసాకా రెండు రాత్రులూ తిరుగు ప్రయాణం చివర పెట్టాను.

ఖర్చు అంచనా దాటితే బూట్లు, బీమా, సంచుల సర్వీసు ముట్టుకోకండి. కొగుచి దారి వదిలేసి, హోంగు నుంచి బస్సులో నాచి చూసి రండి. ఒక రాత్రి బస తగ్గుతుంది. మార్చిలో కొగుచి దొరక్కపోయినా ఇదే మార్గం.