ఎన్నారై సందేహాలు: మార్చిలో గంట మారితే మీ కంప్యూటర్‌కు ఎవరు చెప్తారు?

పోయిన నవంబరులో ఒక రాత్రి ఒంటిగంటకు చిత్తూరు అబ్బాయి ఒకడు మెసేజ్ పెట్టినాడు. ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో న్యూజెర్సీ వచ్చినవాడు. "అక్కా, అమ్మానాన్నలకు మూడొందల రూపాయల దర్శనం టికెట్లు నేనే తీస్తానని మాటిచ్చినాను. పోయిన నెల పన్నెండున్నరకు కూర్చుంటే దొరికినాయి. ఈ నెలా అదే టైముకు కూర్చున్నా. మాకు కావలసిన తేదీలన్నీ అప్పటికే అయిపోయినాయి. నా ల్యాప్‌టాప్‌లో టైము తప్పా?"

ల్యాప్‌టాప్ టైము సరిగానే ఉంది. టీటీడీ మామూలుగా ప్రతి నెలా 24న ఉదయం 10 గంటలకు, మూడు నెలల తరవాతి కోటా వదుల్తుంది. తిరుపతిలో ఆ పది గంటలంటే అక్టోబరులో న్యూజెర్సీకి అర్ధరాత్రి దాటి 12:30. అమెరికాలో వేసవికి గడియారాలు ఒక గంట ముందుకు జరిపి పెడతారు, దాన్నే డేలైట్ సేవింగ్ అంటారు. నవంబరు మొదటి ఆదివారం అవి మళ్ళీ ఒక గంట వెనక్కి పోతాయి. ఆ తరవాత అదే పది గంటలు 23వ తేదీ రాత్రి 11:30 అవుతుంది. టైముతోపాటు తేదీ కూడా మారిపోయింది. పిల్లవాడు "పన్నెండున్నర" అని గుర్తు పెట్టుకున్నాడు గానీ "తిరుపతిలో పది" అని గుర్తు పెట్టుకోలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. ఇండియాకూ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా, పదిన్నర గంటల తేడా అని కంఠతా పట్టవద్దు. పని ఏ ఊళ్ళో జరుగుతుందో ఆ ఊరి టైము రాసుకోండి, పక్కన ఊరి పేరు కూడా రాయండి. ఫోను క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేటప్పుడు టైమ్ జోన్ అడిగే చోట కోల్‌కతా అని ఎంచుకుని ఉదయం 10 అని పెట్టండి. మీరు డాలస్‌లో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా, వేసవైనా చలికాలమైనా సరైన నిమిషానికి మోగుతుంది. తేడా లెక్క మిషన్ చూసుకుంటుంది.

అయితే మిషన్‌కు ఆ లెక్క తెలిసి ఉండాలి. రెండో మాట అది, నేను నొచ్చుకుని నేర్చుకున్నది.

అమెరికాలో 2006 దాకా ఏప్రిల్ మొదటి ఆదివారం గంట ముందుకు జరిపి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తెచ్చేవాళ్ళు. 2005లో చేసిన ఎనర్జీ పాలసీ చట్టం దాన్ని మార్చింది. 2007 నుంచి మార్చి రెండో ఆదివారం మొదలు, నవంబరు మొదటి ఆదివారం ముగింపు. చట్టంలో అది రెండు లైన్ల మాట. మేము సిస్టమ్స్ చూసే ఆఫీసులో మాత్రం రెండు నెలలు ఊపిరాడలేదు. ఎందుకంటే ప్రతి కంప్యూటర్ లోపలా పాత రూలు రాసి ఉంది. విండోస్ ఎక్స్‌పీకి అప్‌డేట్ వచ్చింది. అప్పటికే పాతబడిన విండోస్ 2000కు మామూలు జనానికి ఉచితంగా రాలేదు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో చేత్తో మార్చుకోవలసి వచ్చింది. చాలా ఆఫీసు ప్రోగ్రాములు నడిపే జావా తన టైమ్ జోన్ పట్టిక తనే విడిగా పెట్టుకుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా అది పాతదే పట్టుకుని కూర్చుంటుంది. దానికి వేరే అప్‌డేట్. ఔట్‌లుక్ క్యాలెండర్‌లో ముందే పెట్టుకున్న మీటింగులు, మార్చిలో కొత్తగా కలిసిన మూడు వారాల్లో పడేవి, గంట అటూఇటూ జరిగిపోయినాయి. వాటిని సరిచేయడానికి ఇంకొక టూలు.

ఆఫీసు మిషన్లన్నీ రాత్రింబవళ్ళు కూర్చుని చేసినాము. ఇంట్లో ఉన్న నా సొంత ల్యాప్‌టాప్ విండోస్ 2000. దాన్ని ముట్టుకోలేదు.

2007 మార్చి 11, ఆదివారం. అప్పట్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి మా నాయన తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చేవాడు, వెబ్‌క్యామ్‌లో నన్ను చూడటానికి. చలికాలమంతా నాకు అది ఉదయం ఎనిమిదిన్నర. "వచ్చే వారం నుంచి నాకు తొమ్మిదిన్నర అవుతుంది నాయనా, మీకు మాత్రం ఏడే" అని ముందే చెప్పినాను. రూలు నాకు బాగా తెలుసు. ల్యాప్‌టాప్ మూలన తొమ్మిదిన్నర చూపించగానే కాల్ కలిపినాను. దానికి ఏప్రిల్ దాకా పాత టైమే. నిజానికి అప్పుడు పదిన్నర, తిరుపతిలో రాత్రి ఎనిమిది. డెబ్భై ఏళ్ళ మనిషి హెడ్‌ఫోన్ తగిలించుకుని గంటసేపు ఖాళీ స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ కోసం వెనక కుర్రవాళ్ళు నిలబడితే ఇంకో గంటకు డబ్బులు కట్టినాడంట. మొహం కనబడేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకేమన్నా అయిందేమో అనుకున్న్యానమ్మా" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలోంచి పోలేదు.

అందుకే ఈ సంగతి ఇంత వివరంగా చెప్తున్నాను.

చాలామంది అడిగేది: "అక్కా, కంప్యూటర్ టైము ఇంటర్నెట్ నుంచే తీసుకుంటుంది కదా, ఇంక అప్‌డేట్ ఎందుకు?" ఇంటర్నెట్ టైమ్ సర్వర్ మీ మిషన్‌కు ఇచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము. న్యూజెర్సీలో ఈ రోజు దానికి నాలుగు గంటలు తీసేయాలా, ఐదు తీసేయాలా అనే మాట సర్వర్ చెప్పదు. అది మిషన్ లోపల ఉన్న టైమ్ జోన్ పట్టిక చూసి లెక్క కట్టుకోవలసిందే. లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నీ వాడే పట్టిక ఒకటి ఉంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టింది, ఇప్పుడు పాల్ ఎగర్ట్ చూసుకుంటున్నాడు. 2011 నుంచి, ఇంటర్నెట్ పేర్లూ నంబర్లూ చూసుకునే ఐయానా అనే సంస్థ నీడన ఉంది. ఏడాదిలో కొన్నిసార్లు కొత్త ముద్రణ వస్తుంది, ఏడాది అంకె పక్కన ఒక అక్షరంతో. విండోస్‌ది వేరే పట్టిక, అది విండోస్ అప్‌డేట్లలోనే వస్తుంది.

ఏడాదిలో కొన్నిసార్లెందుకంటే ప్రభుత్వాలు రూళ్ళు మారుస్తూనే ఉంటాయి. టర్కీ 2016లో గంట తిప్పడం మానేసింది, బ్రెజిల్ 2019లో, మెక్సికో చాలావరకు 2022లో. ఈజిప్ట్ మానేసి 2023లో మళ్ళీ మొదలుపెట్టింది. అమెరికాలోనూ ఏడాదంతా వేసవి టైమే ఉంచాలనే బిల్లు 2022 మార్చిలో సెనేట్ దాటింది, ప్రతినిధుల సభలో ఆగింది. యూరప్ పార్లమెంటు 2019లో మానేద్దామని ఓటేసింది, ఇంకా అమలు కాలేదు. రేపు ఏ దేశం నిర్ణయం తీసుకున్నా ఆ వార్త మీ చేతిలోని మిషన్‌కు చేరే దారి అప్‌డేట్ ఒక్కటే.

మీరు చేయవలసింది ఎక్కువేం లేదు. విండోస్ అయితే సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి, టైమ్ జోన్ మీ ఊరిదేనా చూడండి. డేలైట్ సేవింగ్‌కు తనంతట తానే సర్దుకునే స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు దీన్ని మరీ చూడాలి. చాలామంది టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా మీదే వదిలేసి గడియారాన్ని చేత్తో తిప్పుకుని ఉంటారు.

ఆ పని మాత్రం ఎప్పుడూ చేయవద్దు. గంట తప్పు కనబడితే గడియారం ముల్లు తిప్పకండి, జోన్ సరిచేయండి. చేత్తో తిప్పినారంటే లోపలి యూటీసీయే తప్పవుతుంది. మీరు పంపే మెయిల్ గంట ముందు పంపినట్టో తరవాత పంపినట్టో పోతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో లాగిన్ కాదు, ఎందుకంటే అక్కడ మామూలుగా ఐదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉన్న మిషన్‌ను లోపలికి రానివ్వరు. పైగా పాత రూలు ప్రకారం మారే రోజు వచ్చినప్పుడు, మీరు తిప్పిన గంట మీద అది ఇంకో గంట తిప్పుతుంది. 2007లో ఏప్రిల్ 1న ఎన్ని మిషన్లు ఇట్లా అసలు టైము కంటే గంట ముందుకు పోయి కూర్చున్నాయో నేను కళ్ళారా చూసినాను.

లినక్స్ వాడేవాళ్ళు టీజెడ్‌డేటా అనే ప్యాకేజీని అప్‌డేట్ చేస్తే చాలు, పైన చెప్పిన పట్టిక అందులోనే ఉంటుంది. జెడ్‌డంప్ కమాండ్‌కు న్యూయార్క్ జోన్ ఇచ్చి అడిగితే ఏ ఏడాది ఏ రోజు గంట మారుతుందో వరసగా చూపిస్తుంది. మార్చి రెండో ఆదివారం కనబడాలి. జావా, డేటాబేసులు నడిపేవాళ్ళు వాటి పట్టికలు విడిగా చూసుకోండి. ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఇంకొక మాట. రాబోయే రోజుల అపాయింట్‌మెంట్లు యూటీసీలోకి మార్చి దాచకండి. ఊరి టైమూ, జోన్ పేరూ దాచండి. మధ్యలో రూలు మారితే యూటీసీలో దాచిందంతా గంట తప్పుతుంది. సెట్టింగుల్లో మూడక్షరాల ఈఎస్‌టీ (ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్) అని జోన్ పెట్టవద్దు. చాలా సిస్టమ్స్‌లో అది ఏడాదంతా చలికాలం టైమే. న్యూయార్క్ అని ఊరి పేరు పెట్టండి.

అరిజోనాలో చదివే పిల్లలు నన్ను అడుగుతుంటారు, మాకెందుకు మారదు అని. నవాహో ప్రాంతం తప్ప ఆ రాష్ట్రంలో గంట తిప్పరు. ఇండియాతో ఏడాదంతా పన్నెండున్నర గంటలే తేడా. వాళ్ళు విండోస్‌లో మౌంటెన్ టైమ్ ఎంచుకుంటే తప్పు, అరిజోనా అని విడిగా ఉంటుంది, అదే ఎంచుకోవాలి. కువైట్, దుబాయ్, సింగపూర్ పోయినవాళ్ళకు ఈ బాధే లేదు.

అన్న లండన్‌లో, చెల్లెలు సిడ్నీలో, మీరు అమెరికాలో, అమ్మ తిరుపతిలో అయితే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. బ్రిటన్ మార్చి చివరి ఆదివారం ముందుకు జరుపుతుంది, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. అమెరికా ముందే జరిపేస్తుంది కాబట్టి ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్‌కూ లండన్‌కూ ఐదు గంటల బదులు నాలుగే తేడా. సిడ్నీలో వేసవి మనకు తిరగబడి వస్తుంది, అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. నలుగురూ కలిసే వీడియో కాల్ తిరుపతి టైములో పెట్టండి. కదలనిది ఆ ఒక్క గడియారమే. ఇండియాలో గంటలు తిప్పే అలవాటు లేదు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొన్నేళ్ళు తప్ప.

పిల్లలు పుట్టినవాళ్ళు ఒకటి గమనించండి. తాతగారు జాతకం రాయించమని పుట్టిన టైము అడుగుతారు. జులైలో పుట్టిన బిడ్డకు ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చేది గంట ముందుకు జరిపిన టైము. సిద్ధాంతిగారికి ఆ సంగతి చెప్పి పంపండి. లగ్నం సుమారు రెండు గంటలకు ఒకటి మారుతుంది, గంట తప్పితే లగ్నమే మారవచ్చు. నవంబరులో గంట వెనక్కి పోయే రాత్రి ఒంటిగంటకూ రెండింటికీ మధ్య పుట్టిన బిడ్డయితే, ఆ గంట రెండుసార్లు వస్తుంది. మొదటిదా రెండోదా అని నర్సును అప్పుడే అడిగి రాయించుకోండి, తరవాత ఎవరూ చెప్పలేరు.

ఇది రాస్తున్నది తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో కూర్చుని. పదేళ్ళ కిందట నేను అమ్మకు వదిలిపోయిన ల్యాప్‌టాప్ నిన్న తీసినాను. విండోస్ 7, దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆపేసింది. లోపలి గడియారాన్ని నడిపే నాణెంలాంటి బ్యాటరీ అయిపోయి తేదీ 2009 చూపిస్తోంది. ఏ సైట్ తెరిచినా భద్రత లేదని ఆపేస్తోంది, ఎందుకంటే సైట్ల సర్టిఫికెట్లన్నీ దాని లెక్కలో ఇంకా పుట్టలేదు. జోన్ ఇంకా నా న్యూజెర్సీదే. మీరు కూడా పాత మిషన్లు అమ్మానాన్నలకు ఇచ్చి పోతారు. పోయే ముందు జోన్ ఇండియాకు మార్చండి, అప్‌డేట్లు వచ్చే సిస్టమ్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ల్యాప్‌టాప్ మీద బ్యాంకు పనులు చేయవద్దని చెప్పండి.

బ్యాటరీ బజారులో తెచ్చి వేస్తుంటే అమ్మ వంటింట్లోంచి పాత క్యాలెండర్ల కట్ట తెచ్చింది. నాయన పోయినాక కూడా పారేయలేదు. 2008 నుంచి ప్రతి క్యాలెండర్‌లో మార్చి రెండో ఆదివారం గడిలో, తిథి పక్కన, పెన్సిల్‌తో ఆయన చేతిరాత ఉంది: "పాపకు గంట ముందుకు. మనకు ఏడే."