క్రిస్ హోయ్‌ను అంత గొప్ప ట్రాక్ సైక్లిస్ట్ అని ఎందుకంటారు?

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆరు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అసలు కథ 2004 తర్వాతే ఉంది.

ఈ స్కాట్లాండ్ ఆటగాడు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గెలిచింది 'కిలో': ఆగి ఉన్న సైకిల్‌తో మొదలుపెట్టి ఒక్కడే 1000 మీటర్లు, అంటే 250 మీటర్ల ట్రాక్‌పై నాలుగు చుట్లు. తర్వాతి ఒలింపిక్స్‌కి ఆ పోటీనే తీసేశారు! చేతికొచ్చిన పంట పోయినట్టే కదా. అతను స్ప్రింట్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే రేసు), కీరిన్‌ల వైపు మళ్లాడు. కీరిన్‌లో అందరూ ఒక మోటార్ బండి వెనకాల వేగం పెంచుకుంటూ పోతారు, అది పక్కకు తప్పుకోగానే అసలు రేసు. 2008 బీజింగ్‌లో మూడు స్వర్ణాలు, 2012 లండన్‌లో 36 ఏళ్ల వయసులో ఇంకో రెండు. మరుసటి ఏడాది రిటైరయ్యాడు.

ఇంకోటి, ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు. మనం దేవరకొండ రోడ్డు దిగుడులో పెడల్ ఆపి హాయిగా జారినట్టు కుదరదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. ట్రాక్ ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ వెళ్లినప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ వైపు ఓసారి వెళ్లు.